బైరాగికి దొర వేషం

తిరుపతి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరూ క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి కొంత తగ్గింది. చెల్లెలి ఉద్యోగం సంగతి మరోసారి రాస్తాను. ఇప్పుడు నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టని కబురు వేరే ఉంది: మన బైరాగికి రంగు పడింది!

గంగ జాతరలో ఒంటికి తెల్లటి నామంకొమ్ము పూసుకుని బైరాగి వేషం కట్టినవాళ్లను చూసి, వెలిసిపోయి మచ్చలు తేలిన మన యమహా బండి పెట్రోలు ట్యాంకుకు ఆ పేరు పెట్టినది నీవే కదా. ఆర్‌ఎక్స్ 100 బండి తయారీ 1996లోనే ఆగిపోయింది కనుక కొత్త ట్యాంకు మాట ఎత్తడానికే లేదు. రంగు వేయడానికి ఒక దుకాణంలో ఎనిమిది వేలు అడిగారు. నా దగ్గర అందులో సగం కూడా లేదు. చివరికి కరకంబాడి రోడ్డులో, రేకుల షెడ్డులో కార్లకు రంగు వేసే ఒక ముసలి మేస్త్రి దారి చూపించాడు. "రంగులో ఏముండాది నాయనా, ఖర్చంతా రుద్దేదాంట్లోనే ఉండేది. రుద్దుకోని ఎత్తుకోనిరా, రంగు చిమ్మే గన్ను నేను పట్టేస్తా" అన్నాడు.

ఇక మిద్దె మీద నా సంసారం మొదలైంది. పెట్రోలు వంచేసి, వాసన పూర్తిగా పోయేదాకా మూత తీసి ఆరబెట్టిన తరువాతే గరుకు ఎమిరీ కాగితం పట్టాను. సొట్టలో నింపిన లప్పాన్ని (పుట్టీని) మాత్రం నీళ్లు తగలనీయకుండా పొడిగానే రుద్దాలి; అది తడిని పీల్చుకుంటే లోపల ఇనుము తుప్పుపట్టి, కొన్నాళ్లకు పైన రంగు బుడగలు లేస్తుంది. ప్రైమర్ ఆరిన తరువాత మేస్త్రి చెప్పిన చిట్కా ప్రకారం దాని మీద నలుపు పలుచగా చిమ్మి, తడిపి రుద్దే 400 నంబరు నీటి కాగితంతో రుద్దాను. ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, పల్లం ఉన్నచోట నిలిచిపోతుంది. కంటికి ఆనని సొట్టలన్నీ అలా బయటపడతాయి. నా వేళ్ల చర్మం ఎంత పోయిందో నీకు చెప్పను, చెబితే నవ్వుతావు. ఆ తరువాత అంతకన్నా సన్నని 800 నంబరుతో నునుపు చేసి, ట్యాంకును పాత పంచెలో చుట్టి పెట్టి, మేస్త్రి పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ఆ పిలుపు ఎప్పుడు వచ్చిందనుకున్నావు? సరిగ్గా తిరుమల గరుడసేవ నాడు, ఊరంతా జనం! నల్లకారు ఒకటి పూర్తయిందట, కలిపిన పీయూ (పాలీయురెథేన్) రంగు మిగిలిందట. మన ట్యాంకుకు పావు లీటరు చాలు కనుక, దానికోసం డబ్బా కొంటే మిగిలినదంతా దండగే. అయితే గట్టిపడేందుకు హార్డెనర్ అనే మందు కలిపిన రంగు కొద్ది గంటల్లోనే చిక్కబడి పనికిరాకుండా పోతుంది. ఆర్‌సీలో మన బండి రంగు కూడా నలుపే. ఇంతటి యోగం మళ్లీ వస్తుందా? ట్యాంకును ఒడిలో పెట్టుకుని కొర్లగుంటలో ఆటో ఎక్కాను. లీలామహల్ దగ్గర, శ్రీనివాస సేతు కింద, బండ్లు అంగుళం కదలడం లేదు. ఆకాశం చూస్తే మబ్బు పట్టింది. ఆ హార్డెనర్‌కు తేమ గిట్టదు, వాన పడితే మేస్త్రి గన్ను ముట్టడు. ఆటో అతను "ఏం సామీ, అంత జాగర్తగా పట్టుకోనుండావు, ఉత్సవ విగ్రహమా?" అని అడిగాడు. సగం దారిలో దిగి, ట్యాంకు ఎత్తుకుని నడిచాను.

నేను చేరేసరికి రంగు ఇంకా పలుచగానే ఉంది. మేస్త్రి నేల తడిపి దుమ్ము అణచి, మొదట మంచులాగా ఒక పూత, కాసేపు ఆరనిచ్చి నిండుగా మరో రెండు పూతలు వేశాడు. బైరాగి నా కళ్ల ముందే జాతరలో బొగ్గు పూసుకునే తోటి వేషంలోకి మారిపోయాడు! పైన మెరుపు కోసం వేసే లక్కరు మాత్రం కొత్తది కొనిపించాను, ఆ ఒక్కదానిలో పిసినారితనం పనికిరాదు. అన్నట్టు, ఆ పెద్దాయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఆ రంగు తుంపర విషం పీలుస్తున్నాడు. గుడ్డ దానిని ఆపదని ఎంత చెప్పినా వినలేదు. గాలిని వడకట్టే గుళికలున్న మాస్కు ఒకటి కొనిస్తాను, వాడతాడో లేదో...

అసలు పరీక్ష నిన్న జరిగింది. బంకులో కుర్రవాడు ట్యాంకు పొంగించి పెట్రోలు మీద ఒలికించాడు. డబ్బాలో దొరికే మామూలు స్ప్రే లక్కరు అయితే అక్కడే మెత్తబడి ఊడివచ్చేది. తుడిచి చూస్తే, ఒక్క మరక లేదు! ఇక జాతరలోని దొర వేషానికి స్టిక్కర్లు ఒక్కటే తక్కువ. మీ పుణెలో పాత నమూనావి దొరుకుతాయా? ధర ముందే రాయి, కొనేయవద్దు. బండి సైడ్ కవర్ల సంగతి కూడా రాద్దామనుకున్నాను కానీ పోస్టాఫీసు మూసేవేళ అయింది, పరుగెత్తాలి.

నీ
మిత్రుడు