చదివి వినిపించని తీర్మానానికి వేలిముద్రలు

సంపాదకుల వారికి నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గరి పల్లె. ఇంట్లోనూ వీధిలోనూ మాట్లాడేది తెలుగే అయినా పంచాయతీ కాగితం ఒడియాలో నడుస్తుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పటి సరిహద్దు తగువును తవ్వడానికి ఈ లేఖ రాయడం లేదు. పిల్లలు బడిలో ఒడియా నేర్చుకుంటున్నారు, నేర్చుకోవాలి కూడా. ఇబ్బంది వారి తాతలు, నాయనమ్మలు వేలిముద్ర వేయవలసిన చోట వస్తోంది.

ఒడిశా పంచాయతీ చట్టం ప్రకారం గ్రామసభ కింద ప్రతి రెవెన్యూ గ్రామానికీ పల్లిసభ ఉంటుంది. ఏటా ఫిబ్రవరిలో కూడి, ఊరికి ఏ పనులు కావాలో చెప్పవలసినది అదే. మొన్నటి ఫిబ్రవరిలో రామమందిరం అరుగు మీద జరిగిన సభలో, కింది వీధి బోరింగు హేండిల్ ఊడిపోయి ఆడవాళ్లు నీళ్లకు చెరువు గట్టు దాకా పోతున్నారని, ముందు దాన్ని బాగుచేయించమని మా అమ్మతో సహా అందరూ అడిగారు. రిజిస్టరు చేతులు మారింది, ఇంకు ప్యాడు తిరిగింది, పేజీ కుడివైపంతా నీలిరంగు వేలిముద్రలతో నిండిపోయింది. వేసవిలో, తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడు ఫోనులో ఉన్న ఆ పేజీ ఫొటోను చదివి చెబితే తెలిసింది, అందులో ఉన్నది ఊరి మొగలో కల్వర్టు అని. బోరింగు ఊసే లేదు.

రాసిన ఉద్యోగిది దురుద్దేశమని నేననను. ఆయనకు తెలుగు రాదు, పక్కనున్నవారు చెప్పింది విని రాసుకున్నారు. కల్వర్టూ అక్కరలేనిదేమీ కాదు. అయితే అడిగినవారికే తామేమి అడిగినట్టు నమోదైందో తెలియకపోతే ఆ సభ పెట్టి ప్రయోజనమేమిటి?

రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు అర్జీ పెట్టుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. మేము అంతదూరం కూడా పోవడం లేదు, రిజిస్టరును తెలుగులో రాయమనడం లేదు. సంతకాలు మొదలుకాకముందే రాసినదంతా తెలుగులో ఒకసారి పైకి చదివి వినిపించాలి. రెండు భాషలూ వచ్చిన కుర్రవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. సభ తేదీని, విషయాలను ఒడియా నోటీసు పక్కనే తెలుగులోనూ రాయించాలి, అందుకు సుద్దముక్క చాలు. మా ఊళ్లో పెళ్లి శుభలేఖలు రెండు లిపుల్లోనూ అచ్చవుతూనే ఉన్నాయి కదా!

వచ్చే ఫిబ్రవరి పల్లిసభలకు ముందే జిల్లా అధికారులు ఈ మేరకు పంచాయతీలకు ఆదేశాలు పంపాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా