అద్దంలో తిప్పినట్లున్న గుండె యానిమేషన్‌పై ఫిర్యాదు

మెడికల్ యానిమేషన్ విభాగం నిర్వాహకులకు,
మాదాపూర్, హైదరాబాద్.

విషయం: మా కళాశాలకు మీరు తయారుచేసి ఇచ్చిన గుండె యానిమేషన్‌లోని శాస్త్ర దోషాలను సరిచేయడం గురించి.

అయ్యా,

మా నర్సింగ్ విద్యార్థులకూ, గుండె చికిత్స పూర్తయి ఇళ్లకు వెళ్లే రోగులకూ చూపించడానికి మీ సంస్థ చేత చేయించుకున్న తెలుగు యానిమేషన్‌ను ఇప్పుడున్న రూపంలో ఎవరికీ చూపించలేని పరిస్థితి ఏర్పడింది. దోషాలను తెలియజేసినప్పుడు, బొమ్మ ఏ వైపు తిరిగి ఉన్నా చూసేవారికి తేడా తెలియదని మీ ప్రాజెక్టు మేనేజరు జవాబిచ్చారు. ఆ జవాబును నేను అంగీకరించలేను. తేడా తెలియనివారి కోసమే ఈ చిత్రం చేయించాము కాబట్టి, అది తప్పులేకుండా ఉండాలి.

తెరకు కుడి పక్కన తెలుగు శీర్షికలకు చోటు కావాలని మీ బృందం కంపోజిటింగ్ (దృశ్యాలను, అక్షరాలను కలిపి కూర్చే) దశలో గుండెను అడ్డంగా ఫ్లిప్ చేసి, అంటే అద్దంలోలా తిప్పి, లేబుళ్లను మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఉండే స్థానాల్లోనే ఉంచింది. ఎదురుగా నిలబడిన మనిషి ఎడమ వైపు మనకు కుడిచేతి వైపున కనిపిస్తుంది; అందువల్ల దేహంలో ఎడమకు వాలి ఉండే గుండె కొన తెరకు కుడి వైపుకు వాలి ఉండాలి. మీ చిత్రంలో అది ఎడమకు వాలింది. అంతకన్నా ప్రమాదకరమైనది లేబుళ్ల సంగతి. పలుచని గోడ గల జఠరిక (గుండె కింది గది) మీద ‘ఎడమ జఠరిక’ అని ఉంది, దాని నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పుపుస ధమని బయలుదేరుతోంది. దేహమంతటికీ రక్తాన్ని నెట్టవలసిన, సుమారు మూడు రెట్లు మందమైన గోడ గల జఠరికకు ‘కుడి’ అనే పేరు పడింది. మూడు రేకులున్న అగ్రత్రయ కవాటం పేరుకు రెండు రేకుల అగ్రద్వయ కవాటమైపోయింది. దీన్ని చూసి పరీక్షలో తప్పు రాసే విద్యార్థినిని ఏ అధ్యాపకురాలూ నిందించలేదు.

మీ సంస్థ పరిచయ వీడియోలో తిరిగే డీఎన్‌ఏ కూడా ఎడమ మెలికతో కనిపించింది. కణాల్లో సాధారణంగా ఉండే బి-డీఎన్‌ఏకు కుడి మెలిక ఉంటుంది, ఒక్కో చుట్టుకు సుమారు 10.5 క్షార జతలు (రెండు పోగులను కలిపే మెట్లు) ఉంటాయి. ఫ్లిప్ చేయడం మీ దగ్గర అలవాటుగా మారిందేమోనని ఆందోళనగా ఉంది. మీరు బ్లెండర్‌లో త్రీడీ నమూనా చేసిన మాట వాస్తవమైతే, శీర్షికలకు చోటు కోసం కెమెరా ఫ్రేమును పక్కకు జరిపితే సరిపోయేది. నమూనాను అద్దంలో తిప్పవలసిన అవసరమే లేదు.

కదలికలోనూ లోపముంది. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక స్పందనకు 0.8 సెకను పడితే, అందులో జఠరికల సంకోచం దాదాపు 0.3 సెకను, సడలింపు 0.5 సెకను ఉంటాయి. కదలిక మొదలు, ముగింపు సమయాలను నిర్ణయించే మీ కీఫ్రేములు రెంటికీ సమానమైన కాలం ఇచ్చాయి. పైగా గుండె కండరానికి రక్తమిచ్చే ఎడమ కరోనరీ ధమనిలోకి రక్తం సంకోచ సమయంలోనే ఉప్పొంగుతున్నట్లు చూపారు. వాస్తవానికి అక్కడ రక్తప్రవాహం ప్రధానంగా గుండె సడలినప్పుడు జరుగుతుంది. గుండె వేగం పెరిగితే సడలింపు కాలం కుదించుకుపోయి, గుండె కండరానికే రక్తం ఎందుకు తగ్గుతుందో రోగికి వివరించడం మా ముఖ్య ఉద్దేశం. ఆ ఉద్దేశమే దెబ్బతింది.

శీర్షికల్లో వత్తులు విడిపోయి అక్షరాల పక్కన పడ్డాయి. వీడియో సాఫ్ట్‌వేర్ అయిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా లిపులకు మార్చి చూడండి.

ఒప్పందం ప్రకారం స్టోరీబోర్డు దశలోనూ, తుది రెండరింగుకు ముందూ మా పరిశీలన జరగాలి. రెండవది జరగకుండానే చిత్రం మాకు చేరింది. కావున అదనపు రుసుము లేకుండా సరిచేసిన చిత్రాన్ని, దాని మూల ఫైళ్లను మాకు అందజేయాలనీ, అంతవరకు మిగిలిన చెల్లింపును నిలిపివేస్తున్నామనీ తెలియజేస్తున్నాను. మీ ప్రచార వీడియోల్లో ఉన్న ఇదే దృశ్యాన్ని కూడా వెంటనే తొలగించండి. సవరణ సమయంలో మీ కళాకారులతో కూర్చుని ప్రతి ఫ్రేమునూ సరిచూడటానికి మా విభాగం సిద్ధంగా ఉంది; ఏ రోజు రమ్మంటారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

భవదీయురాలు,
శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకురాలు,
హైదరాబాద్.