మెస్సీనాలో ఆ బాలింతను చూసి రా

చిన్నీ,

సెలవులకి సిసిలీ వెళ్తున్నామన్నావు కదా. మెస్సీనా ప్రాంతీయ మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1609లో వేసిన ‘గొల్లల ఆరాధన’ బొమ్మ ఉంది. సముద్రం దగ్గర ఒక పూట తగ్గినా ఫర్వాలేదు, అది చూడకుండా మాత్రం రాకు.

కాన్పుల వార్డులో పనిచేసినదాన్ని కదా, ఆ బొమ్మ పుస్తకంలో చూసినప్పుడు నా కళ్ళు ముందు మరియమ్మ మీదే పడ్డాయి. క్రీస్తు జననం బొమ్మల్లో చాలావాటిలో ఆవిడ నలగని బట్టల్లో, మోకరించి చేతులు జోడించి ఉంటుంది. అప్పుడే కన్న తల్లి అలా ఉండగలదా? ఇక్కడ గడ్డి చల్లిన కటిక నేల మీద, పశువుల తొట్టికి ఆనుకుని ఒరిగిపోయింది. ఒంట్లో ఉన్న సత్తువంతా బిడ్డని పట్టుకోవడానికే సరిపోయినట్టుంది. వాడు మొహాన్ని తల్లి మొహానికి ఆనించి, చెయ్యి పైకి చాపాడు. బాలింతని ఇంత సరిగ్గా చూసిన మగవాళ్ళు తక్కువ.

దేవదూతలు లేరు. అంతకుముందు కొర్రెజ్జో అనే ఇంకో చిత్రకారుడు వేసిన క్రీస్తు పుట్టిన రాత్రి బొమ్మలో వెలుగంతా బిడ్డలోంచే వస్తుంది; ఇక్కడ అది పక్కనుంచి పడుతుంది, బొమ్మ పై సగం చెక్కల పాకా, చీకటీ. కుడివైపు యోసేపు, గొల్లలు ఒకరి మీదికి ఒకరు వంగి చూస్తున్నారు. కింద మూల ఒక బుట్ట ఉంటుంది, దగ్గరకెళ్ళి చూడు: తెల్లగుడ్డ, రొట్టె, వడ్రంగి పనిముట్లు. ప్రయాణంలో ఉన్న పేదింటివాళ్ళ సామాను అంతే.

మెస్సీనా నగర సెనేట్ దీన్ని కపూచిన్ సన్యాసుల గుడి కోసం వేయించింది. వాళ్ళు పేదరికమే వ్రతంగా పెట్టుకున్న అస్సీసీ సెయింట్ ఫ్రాన్సిస్ బాటవాళ్ళు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో గడ్డి, ఎద్దు, గాడిదలతో పశువులపాక పెట్టించింది ఆ ఫ్రాన్సిసే. మన గుళ్ళో క్రిస్మస్‌కి పెట్టే క్రిబ్‌కి మూలం అక్కడే ఉంది. అందుకే ఆ నేల నాకు అంత దగ్గరగా అనిపిస్తుంది.

వేసినవాడు మాత్రం 1606లో రోమ్‌లో మనిషిని చంపి పారిపోయినవాడు. మాల్టా చెరలోంచి తప్పించుకుని సిసిలీ చేరాడు, 1610లో ముప్ఫయ్యెనిమిదేళ్ళకే పోయాడు. ఆ చేతులతోనే ఇంత మెత్తదనం ఎలా వేశాడా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

1908 డిసెంబరు 28న భూకంపం ఆ ఊరిని నేలమట్టం చేసినా బొమ్మ మిగిలింది. సిసిలీలోనే పలెర్మోలో ఉండిన కరవాజ్జో క్రీస్తు జననం బొమ్మకి ఆ అదృష్టం లేదు. 1969 అక్టోబరులో సాన్ లొరెంజో ప్రార్థనాలయం నుంచి దొంగలు ఎత్తుకుపోయారు, ఇంతవరకూ దొరకలేదు. అక్కడ ఇప్పుడున్నది 2015లో పెట్టిన నకలు. కాబట్టి మెస్సీనాలో తొందరపడకు. మూడు మీటర్ల పైచిలుకు ఎత్తు, ముందు దూరం నుంచి చూసి, తర్వాత దగ్గరకెళ్ళు. అదే మ్యూజియంలో ఆయనదే లాజరు బొమ్మ కూడా ఉంది, దాన్నీ వదలకు.

ప్రేమతో,
అమ్మ