జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

విజయవాడ జిల్లా జైల్లో రిమాండ్‌లో ఉన్నవాళ్లకు ఇంకా శిక్ష పడలేదు. వీధిలో మాత్రం వాళ్ల పిల్లలు అప్పుడే దొంగ పిల్లలైపోతారు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో, అంటే నేర విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టంలో, 479వ సెక్షన్ ఉంది. అంతకుముందు ఏ శిక్షా పడనివారు, తమపై మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపేస్తే బాండుపై వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. పాత కేసులకూ ఇదే వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

నేరం వల్ల నష్టపోయినవాళ్ల బాధ చిన్నదని నేననను. వాళ్లకు కావలసింది తీర్పు. ఎవరో ఒకరు లోపల ఉండటం కాదు.

బెయిలొచ్చాక జామీన్ల టెన్షన్ వేరే. వన్‌టౌన్‌లో మూటలు మోసే ముఠా పని చేసే కుర్రాడికి ఆస్తి కాగితాలున్నవాళ్లు ఎక్కడ దొరుకుతారండీ? బెయిలిచ్చిన నెలలోపు జామీను పెట్టలేకపోతే కోర్టే షరతులు సడలించే విషయం ఆలోచించవచ్చని 2023లో సుప్రీంకోర్టు అన్నది. ఇది ఎంతమందికి తెలుసు?

ప్రతి రిమాండ్ ఖైదీకీ మూడో వంతు ఏ తేదీకి నిండుతుందో తెలుగులో రాసిన చీటీ ఇప్పించండి. ములాఖత్‌కు వచ్చిన ఇంటివాళ్లకు కూడా ఒకటి.

ఇట్లు,
విజయవాడ పౌరుడు