నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: ఏదైనా జరిగాకే రమ్మంటే ఎట్లా?

కలెక్టర్ గారికి నమస్కారం.

మాది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించి, లేనిపోని అనుమానాలు పుట్టే మానసిక జబ్బు. నిరుడు వాడు పక్కింటాయన తల మీద కర్రతో కొట్టాడు, ఎనిమిది కుట్లు పడ్డాయి. కేసు వద్దన్నాడాయన, అది ఆయన మంచితనం. నేను రాస్తున్నది ఆ దెబ్బ గురించి కాదు, దానికి ముందు పదిహేను రోజుల గురించి.

మొదట మాత్రలు ఆగిపోయాయి. నెల్లూరు పోయి తెచ్చుకోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు వేరే. తర్వాత నిద్ర పోయింది. రాత్రి రెండింటికి వాకిట్లో తిరుగుతూ ఎవరికో జవాబులు చెప్పేవాడు. అన్నం పెడితే ముందు అమ్మను ఒక ముద్ద తినమనేవాడు. ఒకరోజు పొద్దున చూస్తే డిష్ గొడుగుకు గోనెసంచి కప్పి తాడుతో కట్టేసున్నాడు. పక్కింటాయన దాంట్లోంచి తన మాటలు వింటున్నాడట. నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, వాడి అనుమానం ఒక మనిషి మీదికి చేరింది ఆ రోజే. రెండు రోజులకు "వాణ్ణి వదలను" అన్నాడు. మంచం కిందికి కర్ర వచ్చింది.

స్టేషన్‌కు పోతే "ఇంకా ఏం చేయలేదు కదమ్మా, చేస్తే అప్పుడు రా" అన్నారు. ఆస్పత్రిలో మానసిక జబ్బుల డాక్టరు లేరు, నెల్లూరు తీసుకుపొమ్మన్నారు. రానని మొండికేసిన మనిషిని బస్సెక్కించేదెట్లా? ఊళ్లోవాళ్లు గాలి సోకిందని, ఏఎస్ పేట దర్గాలో నిద్ర చేయించమని చెప్పారు. వాళ్లు ఏదో ఒక దారన్నా చూపించారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ఏం చెబుతుందో నాకు తర్వాత తెలిసింది. జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుని, 24 గంటలు దాటకుండా ప్రభుత్వాస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. దెబ్బ పడేదాకా ఆగమని అందులో లేదు.

ఈ జబ్బున్న వాళ్లంతా మీద పడతారని నేననడం లేదు. చాలామంది ఎవరి జోలికీ పోరు, రాళ్లదెబ్బలు తినేది ఎక్కువగా వాళ్లే. కానీ ఇంతకుముందు చెయ్యి చేసుకున్న మనిషి మాత్రలు మానేసి, నిద్ర లేక, తాగుడో గంజాయో తోడై, ఫలానావాణ్ణి కొట్టమని చెవిలో గొంతు చెబుతోందంటే ఆ ఇంటివాళ్ల మాట ఆ రోజే వినాలి. ఇది కానిస్టేబుళ్లకూ ఆశా కార్యకర్తలకూ ఒక పూట కూర్చోబెట్టి నేర్పించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416 ప్రతి సచివాలయం గోడ మీదా రాయించండి. ఫోన్లో ధైర్యం చెబుతారు, సలహా ఇస్తారు, అంతవరకు మేలే. మనిషిని ఆస్పత్రికి చేర్చేందుకు మాత్రం బండి కావాలి. పదిహేను రోజులకోసారి మానసిక వైద్యుణ్ణి మెట్టకు పంపండి, మాత్రలు పీహెచ్‌సీలోనే ఇప్పించండి.

తమ్ముడు ఇప్పుడు బర్రెలు తోలుకుని పోతున్నాడు, రాత్రి నిద్ర పోతున్నాడు. ఇంట్లో ఇంకా తొమ్మిది రోజులకు సరిపడా మాత్రలున్నాయి.

ఇట్లు,
ఒక అక్క