మీ పాత క్యాసెట్లు ఇంకోసారి తీసుకురండి, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్తే. పండగ ముందు పాత వీడియో క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని మన షాపులో ఇచ్చి ఇంకా పెన్‌డ్రైవ్ అందని వాళ్ళు చాలామంది ఫోన్లు చేస్తున్నారు, కొన్ని ఎత్తలేకపోయాను, ముందు దానికి సారీ. మన దగ్గర పనిచేసే వీసీఆర్‌లు (ఈ క్యాసెట్లు ఆడించే, రికార్డ్ చేసే మిషన్లు) రెండే, అందులో ఒకటి టేపు నమిలేస్తోందని పక్కన పెట్టేశాను, దానికి పించ్ రోలర్ (టేపుని నొక్కి ముందుకి లాగే చిన్న రబ్బరు చక్రం) మార్చాలి, ఆ సామాను ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం, ఎందుకంటే ప్రపంచం మొత్తం మీద వీసీఆర్ తయారు చేస్తున్న ఆఖరి కంపెనీ, జపాన్ వాళ్ళ ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు ఎవరి వీసీఆర్ పాడైనా ఇంకో పాత వీసీఆర్ విప్పి తీయాల్సి వస్తోంది. ఒకటి కంచరపాలెంలో ఒకాయన అటక మీద ఉందని తెలిసింది, ఈ వారం వెళ్ళి చూస్తాను.

ఇది ఆలస్యానికి ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది, అది నా తప్పు, అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మూడు వారాల కింద ఒక అక్క, వాళ్ళ తమ్ముడు కలిసి ఒక పెళ్ళి క్యాసెట్ తెచ్చారు (వాళ్ళని అడిగే రాస్తున్నాను, పేర్లు వద్దన్నారు). 1989లో అనకాపల్లిలో జరిగిన ఆ అక్క పెళ్ళి. క్యాసెట్ ఇస్తూనే అక్క చెప్పింది, "ఇందులో సగం పెళ్ళే ఉంటది బాబూ, మిగతాది ఈడు చెడగొట్టేసినాడు" అని. అప్పుడు తమ్ముడికి పదకొండేళ్ళంట, టీవీలో సినిమా వస్తుంటే చేతికి దొరికిన క్యాసెట్ పెట్టి రికార్డింగ్ నొక్కేశాడు. పెళ్ళి క్యాసెట్ మీద ఎవరూ రికార్డ్ చెయ్యకూడదని వీడియో తీసినాయన వెనకాల చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేసే ఇచ్చాడు, ఆ కన్నం మీద సెల్లో టేప్ అంటిస్తే మళ్ళీ రికార్డ్ అవుతుందని ఆ వయసు పిల్లలందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ సెల్లో టేప్ పసుపు రంగుకి తిరిగిపోయి ఇంకా అలాగే అంటుకుని ఉంది.

క్యాసెట్ పెట్టాను. నలభై నిమిషాలు పెళ్ళి బాగానే నడిచింది, జీలకర్ర బెల్లం దాకా వచ్చింది, ఇంక మాంగల్యధారణే అనుకుంటుండగా తెర మీద గీతలు పడి, ఠక్కున చిరంజీవి.

ఇలాంటప్పుడు నేను ఇన్నాళ్ళూ ఏం చేసేవాడినంటే స్టాప్ నొక్కేసేవాడిని. ఆ తర్వాతంతా సినిమానే కదా, కస్టమర్‌కి అక్కర్లేదు కదా, మనకి కూడా టైం కలిసొస్తుంది, వీహెచ్‌ఎస్ (ఈ వీడియో క్యాసెట్లే) ఎక్కించాలంటే మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పడుతుంది, తొందరగా అయ్యే దారి లేదు. ఆ రోజు కూడా చెయ్యి స్టాప్ మీదకే వెళ్ళింది. కానీ నొక్కలేకపోయాను, ఎందుకంటే ఆ సినిమా 'చంటబ్బాయ్'.

మీలో నా వయసు వాళ్ళకి అర్థమవుతుంది, మిగతావాళ్ళకి చెప్పాలి. 1986లో జంధ్యాల గారు తీసిన సినిమా అది, మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల. చిరంజీవి అందులో పాండురంగారావు అనే డిటెక్టివ్, జేమ్స్ బాండ్ లాగా తనని తాను జేమ్స్ పాండ్ అని చెప్పుకుంటాడు. 1983లో ఖైదీ వచ్చాక జనం ఆయన్ని చూడ్డానికి వెళ్ళేది ఫైట్లకీ డాన్సులకీ, అలాంటి మనిషి చార్లీ చాప్లిన్ వేషం వేసుకుని, టోపీ పెట్టుకుని, కర్ర తిప్పుకుంటూ, ఆ వంకర నడక నడిచాడు. ఆ రోజుల్లో ఒక మాస్ హీరో అలా పడటం లేవడం, దెబ్బలు తినడం, మొహం అష్టవంకర్లు తిప్పడం మామూలు విషయం కాదు. సుహాసిని హీరోయిన్. శ్రీలక్ష్మి గారు కవయిత్రిగా వచ్చి కవితలు వినిపిస్తుంటే ఎదుటి మనిషి పడే అవస్థ ఉంటుంది చూడండి, దానికి మా ఇంట్లో మా నాయనమ్మ కళ్ళు తుడుచుకుని తుడుచుకుని నవ్వేది. అల్లు అరవింద్ గారు కూడా అందులో నటించారు, ఇప్పటి పిల్లలకి ఆయన నిర్మాతగానే తెలుసు. షాపులో నాకు సాయం చేసే కుర్రాడికి ఇరవై రెండేళ్ళు, చిరంజీవి ఫ్యానే, ఈ సినిమా పేరు ఎప్పుడూ వినలేదన్నాడు.

వాడిని అనడానికి లేదు, నేనే మర్చిపోయాను. మా నాన్నది వీడియో లైబ్రరీ, ఇదే షాపు. సాయంత్రం అయితే టీవీ, వీసీపీ (రికార్డింగ్ ఉండదు, క్యాసెట్ చూడ్డానికే), నాలుగు క్యాసెట్లు రిక్షాలో ఎక్కించి అద్దెకి పంపేవాళ్ళం, రాత్రంతా చూసి పొద్దున్నే ఇచ్చేయాలి. వీధిలో ఒకళ్ళు తెప్పిస్తే నలభై మంది చేరేవాళ్ళు, వాకిట్లో చాపలు పరిచి, కరెంటు పోతే దేవుడికి దండం పెట్టుకుని. నాలుగింటిలో ముందు ఫైటింగ్ సినిమా, తర్వాత ఏడుపు సినిమా, అప్పటికి అర్ధరాత్రి దాటిపోయి సగం మంది నిద్రపోయేవాళ్ళు, అప్పుడు నాన్న 'చంటబ్బాయ్' పెట్టమనేవాడు. పడుకున్నవాళ్ళు ఆ నవ్వులకి లేచి కూర్చునేవాళ్ళు. ఏం జరిగిందిరా, ఏం జరిగిందిరా అని అడుగుతుంటే చెప్పడానికి మాకు ఊపిరి ఆడేది కాదు, వెనక్కి తిప్పండి అని గోల, తిప్పి తిప్పి ఆ సీన్ల దగ్గర టేపు అరిగిపోయి బొమ్మ వణికేది. ఏ క్యాసెట్ ఎక్కడ వణికితే అక్కడ మంచి సీన్ ఉన్నట్టు అనేవాడు నాన్న, ఇప్పటికీ నాకు ఏ టేపు చూసినా ఆ మాటే గుర్తొస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, ఆ రోజు షాపు రేకులు లేచిపోయి లోపల మోకాలి లోతు నీళ్ళు, నాన్న దాచిన క్యాసెట్లన్నీ నానిపోయాయి. మూటలు కట్టి బయట పడేస్తుంటే పేర్లు చదవద్దన్నాడు నాన్న, నేను చదవలేదు. అందులో ఇదీ ఉండే ఉంటుంది. ఫోన్లో వెతికితే దొరికే సినిమానే, కానీ వెతకాలన్న ఆలోచనే ఇన్నేళ్ళలో రాలేదు నాకు.

అందుకని ఆ రోజు స్టాప్ నొక్కకుండా కూర్చుని చూశాను. చాప్లిన్ వేషం వచ్చినప్పుడు కుర్రాడు కూడా పని ఆపి వచ్చి నిలబడ్డాడు, ఇద్దరం గట్టిగా నవ్వుతుంటే పక్క జిరాక్స్ షాపాయన వచ్చాడు, ఆయనకీ కుర్చీ వేశాం. గంటా నలభై నిమిషాలు అలా నడిచి, ఒక సీన్ మధ్యలో మళ్ళీ గీతలు పడ్డాయి, బహుశా అప్పుడు కరెంటు పోయి ఉంటుంది, రికార్డింగ్ ఆగిపోయింది. ఆగిపోతే కింద ఉన్న పాత రికార్డింగ్ అక్కడి నుంచి అలాగే ఉంటుంది కదా.

పెళ్ళి మళ్ళీ మొదలైంది. అప్పగింతలు.

పెళ్ళికూతురి నాన్నగారు పందిరి రాట పట్టుకుని నిలబడి ఉన్నారు, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు, కెమెరా దగ్గరికి వస్తుంటే ఆయన అటు తిరిగిపోయారు, మళ్ళీ ఇటు తిరిగి కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టారు. ఆ పక్కనే ఒక పిల్లాడు అక్క చీర కొంగు పట్టుకుని వదలడం లేదు, ఎవరో లాగుతున్నారు. మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలు ఉంది.

ఫోన్ చేశాను. అక్క నమ్మలేదు, ఎప్పుడు పెట్టినా సినిమా రాగానే తీసేసేవాళ్ళమంది, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చివరిదాకా తిప్పలేదంట. సాయంత్రం ఇద్దరూ వచ్చారు. నేను తిన్నగా అప్పగింతలు పెడదామనుకుంటే తమ్ముడు వద్దన్నాడు, సినిమా నుంచి వెయ్యండి అన్నాడు. అక్క మొదట మొహం తిప్పుకుని కూర్చుంది, శ్రీలక్ష్మి గారు వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది, వాళ్ళ నాన్నగారికి కూడా ఆ సీనే ఇష్టమంట, "నాన్న రికార్డ్ చెయ్యమన్నారనే చేశానే" అన్నాడు తమ్ముడు అప్పుడు. ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదంట ఆయన. వాళ్ళ నాన్నగారికి తిట్లు పడకూడదని.

అప్పగింతలు వచ్చేసరికి నేను, కుర్రాడు బయటికి వచ్చేశాం.

ఇప్పుడు అసలు విషయం. ఇంతకు ముందు నా దగ్గర క్యాసెట్లు ఎక్కించుకున్న వాళ్ళలో కొందరికి నేను సినిమానో, క్రికెట్టో, సీరియలో రాగానే ఆపేసి ఇచ్చాను. తర్వాత ఏమైనా ఉందేమో చూడలేదు. అది పొరపాటు, మీ డబ్బు తీసుకుని సగం పని చేసినట్టే. అలా ఇచ్చినవాళ్ళు క్యాసెట్ ఇంకా ఉంటే తీసుకురండి, మొత్తం మళ్ళీ ఎక్కించి ఇస్తాను, ఒక్క రూపాయి వద్దు. ఇక మీదట ఏ క్యాసెట్ అయినా మొదటి నుంచి చివరి వరకు తిప్పుతాను, ఖాళీ వచ్చినా తిప్పుతాను. దానివల్ల రోజుకి నాలుగు కంటే ఎక్కువ చెయ్యలేను, కాబట్టి డెలివరీకి పది రోజులు కాదు, నెల పడుతుంది. రేటు మాత్రం పెంచడం లేదు.

సినిమా కింద చెరిగిపోయిన పెళ్ళి తిరిగి తీయగలవా అని అక్క అడిగింది, మీరు కూడా అడుగుతారు. తీయలేను, ఎవరూ తీయలేరు. రికార్డింగ్ నొక్కితే కొత్త బొమ్మ పడకముందే ఎరేజ్ హెడ్ అని ఒకటి పాతదాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. ఎవరైనా తీస్తామని వేలకి వేలు అడిగితే ఇవ్వకండి.

ఇంకోటి, ఈ సంగతి నోటి మాటగా తెలిసి ఆ సినిమా కాపీ కావాలని నలుగురు అడిగారు. మీ సొంత క్యాసెట్‌లో ఉన్నది మీకు ఇస్తాను, అంతేగానీ సినిమా కాపీలు చేసి అమ్మను.

క్యాసెట్లు ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకసారి తీసి క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి లోపలి టేపు చుట్ట చూడండి. మన ఊరి ఉప్పుగాలికి, చెమ్మకి తెల్లగా బూజు పడుతుంది. తెల్ల చుక్కలు కనపడితే దయచేసి వీసీఆర్‌లో పెట్టకండి, హెడ్ (టేపు మీది బొమ్మని చదివే భాగం) పాడవుతుంది, ఆ బూజు తర్వాత పెట్టిన క్యాసెట్లకి కూడా అంటుతుంది. ఎండలో కూడా పెట్టకండి. అలాగే కవర్లో పెట్టి తెచ్చేయండి, చేత్తో శుభ్రం చేస్తాను. మీద ఏదో సినిమా పేరు రాసి ఉందని పారేయకుండా అవి కూడా తెండి. ఆదివారం మధ్యాహ్నం వరకు షాపు తీసే ఉంటుంది.