మూడో సీసా మా ఊరికి కావాలె

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీల మా చెరువు గురించి చిన్న వార్త వేసిండ్రు, చేపలు చచ్చి తేలినయని. ఫోటో కూడా బాగనే వచ్చింది. ఆ వార్తల ఆఖరి లైన్ "అధికారులు శాంపిళ్లు సేకరించారు" అని ఉంది. ఈ ఉత్తరం రాసేది ఆ ఒక్క లైన్ గురించే. ఎందుకంటే ఆ లైన్ నేను ఇరవై ఏండ్ల నుంచి చదువుతున్న, దాని తర్వాత ఏమైందో మాత్రం ఏ పేపర్ల ఇప్పటిదాక చదవలే.

మాది జిన్నారం సైడు. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం కంపెనీలు ఒక దిక్కు, మా పొలాలు ఒక దిక్కు. గోళీలకు కావాల్సిన ముడి మందు, బల్క్ డ్రగ్ అంటరు కదా, అది చేసేటివే ఎక్కువ. వాసన సంగతి తెల్వనోళ్లకు చెప్పాలె. పగలు అంత ఉండదు. రాత్రి పదకొండు దాటినంక మొదలైతది, ఒకరోజు మురిగిన కోడిగుడ్డు, ఒకరోజు గోర్ల రంగు లెక్క తియ్యగ, ఇంకోరోజు ఏందో చెప్పరాదు, కండ్లు మండుతయి అంతే. చలికాలం మరీ ఘోరం, చల్లగాలి కిందనే పేరుకుంటది కాబట్టి పొగ పైకి పోదు, ఇండ్ల మీదనే కూసుంటది. మా ఇంట్ల కిరాయికున్న ఒడిశా పిల్లగాళ్లను అడిగితే కొత్తల తెలిసేది, ఇప్పుడు ఏం తెలుస్తలేదు అన్నరు. అదే భయం నాకు. ఆ గుడ్డు వాసన గ్యాసు, హైడ్రోజన్ సల్ఫైడ్, ఎక్కువైతే ముక్కే దాన్ని పట్టుడు మానేస్తది. వాసన రాకపోతే గాలి మంచిగైనట్టు కాదు.

ఇగ చేపలు చచ్చిన రోజు సంగతి. రాత్రి గట్టి వాన పడ్డది. వాన పడ్డ రాత్రే వాగు రంగు మారుతది, ఎవరు విడుస్తరో నేనైతే కండ్లతో చూడలే, చూసినోళ్లు చెప్పరు. నాలుగున్నరకు ఫోనొస్తే చెరువు కాడికి పోయిన. చేపల సొసైటీ వాళ్లు నలుగురు టార్చిలు పట్టుకొని నిలబడ్డరు, ఎవరూ మాట్లాడుతలేరు. రవ్వలు, బొచ్చెలు తెల్లగ తేలి కట్ట పొంటి ఆగినయి. కొన్ని ఇంకా బతికే ఉన్నయి, మూతి నీళ్ల మీదికి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నయి. చెరువుల ఆక్సిజన్ తెల్లారంగనే అన్నిటికంటే తక్కువుంటది, దానికి తోడు ఇసొంటి నీళ్లు కలిస్తే ఇగ ఏముంటది. ఒక పిల్లగాడు, ఎనిమిదేండ్లుంటయేమో, బతికున్నయి తట్టలేసుకొని బోరు తొట్టిల వేస్తున్నడు, వాళ్ల నాయినేమో వద్దురా అందుల బర్లు తాగుతయిరా అని గుంజుతున్నడు. నేను తూము కాడ ఒక కూల్ డ్రింక్ సీసా కడిగి నిండ నీళ్లు పట్టిన. ఎందుకు పట్టిన్నో అప్పుడు నాకే తెల్వదు.

పొల్యూషన్ బోర్డు సార్లు మూడో రోజు పదకొండున్నరకు వచ్చిండ్రు. అప్పటికి చేపలను జేసీబీతో గుంత తీసి పూడ్సినం, వాసనకు ఊర్ల ఉండలేక. పైనుంచి వాన నీళ్లొచ్చి చెరువు కూడా కొంచెం తేటపడ్డది. వాళ్లు సీసాలు ముంచుకున్నరు, చీటీలు అంటిచ్చిండ్రు, ఇప్పుడు వాసనేం లేదు కదా పెద్దమనిషీ అని నన్నే అడిగిండ్రు. నేను నా సీసా ఇయ్యబోతే ఇది చెల్లదు, మేము తీసిందే శాంపిల్ అన్నడు ఆ సారు. ఆయన్ను తప్పు పడ్తలేను, మర్యాదగనే చెప్పిండు, రూలే అట్లుంది.

ఆ రూలేందో చూద్దామని నా బిడ్డతోని ప్రింట్ తీపిచ్చిన. 1974 నీటి చట్టం, 21వ సెక్షన్. కంపెనీ నుంచి శాంపిల్ తీసేటప్పుడు అక్కడికక్కడే కంపెనీకి నోటీసియ్యాలె, వాళ్ల ముందే ఆ నీళ్లను రెండు భాగాలు చెయ్యాలె, రెండు సీసాలకు సీల్ వేసి ఇద్దరూ సంతకం పెట్టాలె. ఒకటి బోర్డు ల్యాబుకు పోతది. కంపెనీ అడిగితే రెండోది ఇంకో ల్యాబుకు పంపాలె. మంచిదే, కంపెనీకి అన్యాయం కావద్దు. మరి ఆ నీళ్లు పారే ఊరోళ్ల సంతకానికి ఆ సెక్షన్ల జాగే లేదు. చెరువుకైతే ఆ రెండో సీసా కూడా లేదు. అదే చట్టం 49వ సెక్షన్ ప్రకారం ఎవరైనా 60 రోజుల నోటీసిచ్చి కోర్టుకు పోవచ్చు, రిపోర్టులు అడగొచ్చు అని ఉంది, కానీ ఆ రిపోర్టు మూడో రోజు పదకొండున్నరకు తీసిన సీసాది అయితే దాంతోని ఏం జేసుకోవాలె?

ఒక్క సీసాకు ఇంత లొల్లి ఎందుకంటే, మా ప్రాంతం సంగతి ప్రపంచానికి తెలిసిందే సీసాలతోని. పటాన్‌చెరు దిక్కు నక్కవాగు పాడైందని సుప్రీంకోర్టుల కేసు పడ్డది 1990ల. పటాన్‌చెరు డాక్టర్ కిషన్ రావు గారు ఏండ్లకేండ్లు తిరిగిండ్రు.  2007ల స్వీడన్ యూనివర్సిటీ వాళ్లు పటాన్‌చెరుల శుద్ధి చేసి బయటికి వదిలే నీళ్లు పట్టుకపోయి టెస్ట్ చేస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక తేలింది. గోళీ వేసుకున్న మనిషి రక్తంల ఉండేదానికంటే ఎక్కువ! శుద్ధి చేసినంక అది. 2009ల కేంద్ర పొల్యూషన్ బోర్డు పటాన్‌చెరు–బొల్లారంకు 70.07 మార్కులు వేసింది, 70 దాటితే అతి ప్రమాదం అని లెక్క. మా పిల్లలకు ఎన్నడూ అన్ని మార్కులు రాలే.

తర్వాత ఏమీ చెయ్యలేదని అనను. పటాన్‌చెరు నీళ్లు 18 కిలోమీటర్ల పైపేసి అంబర్‌పేట దిక్కు తీస్కపోయిండ్రు, అంటే మూసీకి పంపిండ్రు, అక్కడోళ్లు వాళ్ల ఉత్తరం వాళ్లు రాసుకుంటరు. కంపెనీలల్ల మీటర్లు పెట్టినం, ఆఫీసుల కంప్యూటర్ల కనపడుతది అని సార్లు అంటరు. మీటరు పెట్టిన పైపు గురించి నేను మాట్లాడుతలేను సార్, మీటరు లేని దారి గురించి అడుగుతున్న.

మూసెయ్యాలె అంటున్ననా అంటే, లేదు. మా అక్క కొడుకు కంపెనీలనే చేస్తడు. ఎనిమిది రూములు కట్టి కిరాయికిచ్చిన, ఆ పైసలతోనే బిడ్డ చదివింది, నేను కూడా శుద్ధపూసను కాదు. కానీ 2020 మే 7న విశాఖల స్టైరీన్ అనే విషవాయువు లీకైన తెల్లారుజామున ఊరిని లేపనీకి సైరనే మోగలే, 12 మంది పోయిండ్రు. 2025 జూన్ 30న మా జిల్లాలనే పాశమైలారంల పేలుడు, 50 మందికి పైగ పోయిండ్రు, శవాలను గుర్తుపట్టనీకి డీఎన్ఏ టెస్టులు చేయాల్సొచ్చింది. లోపల పనిచేసేటోళ్లకే దిక్కు లేనప్పుడు గోడ బయట ఉన్నోళ్లను ఎవరడుగుతరు?

అందుకే ఒక్కటే అడుగుతున్నం. వాసనొచ్చిన రాత్రి ఫోన్ చేస్తే ఆ రాత్రే రావాలె. నీళ్లు తీసినప్పుడు ఇంకో సీసా, మూడో సీసా, ఊరి పేరు మీద సీల్ వెయ్యాలె. ఊరోళ్లు ఏమన్న కలుపుతరని కంపెనీకి అనుమానం ఉంటే వాళ్ల సంతకం కూడా దాని మీద పెట్టనియ్యండి, పంచాయతీ ఆఫీసుల ఫ్రిజ్ పెట్టి తాళం వెయ్యండి, మాకేం అభ్యంతరం లేదు. రిపోర్టు తెలుగుల కొట్టి పంచాయతీ గోడకు అంటిచ్చండి. చుక్క కూడా బయటికి వదలం అని గేటు మీద బోర్డు పెట్టినోళ్లకు దీంతోని ఏం నష్టమో నాకర్థం కాదు.

నా సీసా ఇంకా ఇంట్లనే కిటికీల ఉంది. అడుగున బురద పేరుకున్నది, పైన నీళ్లు డికాక్షన్ రంగుల ఉన్నయి, మూత తీస్తే ఇప్పటికీ ఆ రాత్రి వాసనే. పిల్లలు తిరిగే ఇల్లు, పారబొయ్యి అని మా ఆమె రోజూ కొట్లాడుతది. ఎక్కడ పారబొయ్యాలె అని అడిగితే ఆమె దగ్గర కూడా జవాబు లేదు. మీ రిపోర్టర్ బాబు ఈ దిక్కు వస్తే ఒకసారి ఇంటికి రమ్మనండి.

ఇట్లు,
ఒక రైతు, సంగారెడ్డి జిల్లా
(నా పేరు వెయ్యకండి, మేనల్లుని నౌకరికి ఇబ్బంది)